ఆస్తి కంపెనీకి, అస్థికలు ఊరికి

మనిషి పోతే మన దగ్గర ఒక పద్ధతుంది. పదో రోజున ధర్మోదకాలు, పన్నెండో రోజున సపిండీకరణం, ఆపైన ఏటా తద్దినం. కర్త ఎవరన్నది పోయినవాడు బతికుండగానే తేలిపోతుంది. ఆస్తి ఎవరికొస్తుందో కొరివి వాళ్లే పెట్టాలి. గెట్ల దగ్గర తలలు పగలగొట్టుకునే అన్నదమ్ములు కూడా ఈ ఒక్క సూత్రం దగ్గర నోరెత్తరు. పొలం నాకు, కర్మ పక్కింటివాడికి అనే కొడుకుని ఏ రచ్చబండా ఎక్కనివ్వదు.

అలాంటి కొడుకుని పిలిచి పీట వేసి, లైసెన్సు చేతిలో పెట్టి, పైపెచ్చు దక్షిణ సమర్పించుకునే ఏర్పాటు అమెరికాలో ఉంది. దాన్ని అణు విద్యుత్ కేంద్రాల డీకమిషనింగ్ అంటారు. కేంద్రం కాలం చేశాక దానికి జరిపే ఉత్తరక్రియలన్నమాట. కరెంటు అమ్మగా వచ్చిన లాభాన్ని వాటాదారులు ఎప్పటికప్పుడు పంచుకుని లేచిపోతారు. అస్థికలను మాత్రం ఊరి ముంగిట పెట్టి, కాస్త చూస్తూ ఉండండి, ఇందులో ప్లుటోనియం ఇరవై నాలుగు వేల ఏళ్లకి సగమవుతుంది అని చెప్పి సెలవు తీసుకుంటారు.

నమ్మకం కుదరకపోతే శాన్ ఓనోఫ్రే కథ వినండి.

లాస్ ఏంజెలెస్‌కీ శాండియేగోకీ మధ్య, శాన్ క్లెమెంటే ఊరు దాటగానే వస్తుంది. ఒక పక్క పసిఫిక్ మహాసముద్రం, ఇంకో పక్క రైలు పట్టాలు, వాటి పక్కనే ఇంటర్‌స్టేట్ 5 రహదారి. ఇర్వైన్‌లో ఉద్యోగాలు చేసుకునే మన తెలుగు కుర్రాళ్లు శాండియేగో వెళ్తుంటే కారు అద్దంలోంచి రెండు పెద్ద కాంక్రీటు గుమ్మటాలు చూస్తూ వచ్చారు. స్థలం అమెరికా నౌకాదళానిది, కాంప్ పెండిల్టన్ మెరైన్ స్థావరంలో భాగం. కేంద్రాన్ని నడిపింది సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్ కంపెనీ. చుట్టూ ఎనభై కిలోమీటర్ల మేరలో ఎనభై లక్షల మందికి పైగా కాపురాలున్నాయి. పక్కనే ట్రెసిల్స్ తీరం; అలల మీద స్వారీ చేసేవాళ్లు దేశదేశాల నుంచి అక్కడికి వస్తారు. సముద్రం, భూకంపాల నేల, రహదారి, రైలు, జనం, అన్నీ ఒక్కచోటే కుదిరే స్థలం వెతకడానికి పెద్దలు ఎంత శ్రమపడ్డారో!

పోయినవారి గుణగణాలు తలుచుకోవడం మర్యాద కనక తలుచుకుందాం. మొదటి యూనిట్ 1968 నుంచి 1992 దాకా బతికింది. రెండోది 1983లో, మూడోది 1984లో పనిలోకి దిగాయి. రెండో యూనిట్ కట్టేటప్పుడు, 1977లో, 420 టన్నుల రియాక్టర్ పాత్రని బెక్టెల్ కంపెనీ వెనక్కి తిప్పి కూర్చోబెట్టింది. అరంగుళమో అంగుళమో తేడా కాదు, సరిగ్గా 180 డిగ్రీలు. ఆ దేశంలో వాస్తు సిద్ధాంతులు లేని లోటు ఆనాడు తెలిసొచ్చింది. బెక్టెల్ అంటే ప్రపంచంలోనే పేరు మోసిన నిర్మాణ సంస్థ. అంతటివాళ్లకే ముందూ వెనకా తెలియకుండా పోయాయంటే, ఈ రంగంలో ‘నిపుణులు చూసుకుంటారు’ అన్న మాటకి ఎంత బరువుందో మనమే తూచుకోవచ్చు.

మొదటి యూనిట్ రియాక్టర్ పాత్ర కథ ఇంకా రంజుగా ఉంటుంది. ప్యాకింగుతో కలిపి 770 టన్నుల సరుకు. దాన్ని దక్షిణ కెరొలైనాలో పాతిపెడదామనుకున్నారు. ఓడెక్కించి పనామా కాలువగుండా పంపుదామంటే, ఇంత బరువు మా కాలువలో కుదరదు పొమ్మన్నారు. దక్షిణ అమెరికా కొసాకు దించి, కేప్ హార్న్ చుట్టూ తిప్పి తీసుకెళ్దామని ఇంకో యోచన చేశారు. అదీ మూలపడింది. చివరికి 2020లో అది రైలెక్కి, రోడ్డెక్కి యూటా రాష్ట్రం చేరింది. ప్రాణం పోయిన ఇరవై ఎనిమిదేళ్లకి శ్మశానం దొరికిందన్నమాట. ఇదంతా తక్కువ రేడియోధార్మికత ఉన్న భాగం సంగతి. అసలు నిప్పు, వాడేసిన ఇంధనం, చాలామటుకు గడప కూడా దాటలేదు.

మిగిలిన రెండు యూనిట్లూ ఎలా పోయాయో చెప్పాలి. 2009కీ 2011కీ మధ్య సుమారు 67 కోట్ల డాలర్లు పోసి వాటికి కొత్త స్టీమ్ జనరేటర్లు బిగించారు. తయారు చేసింది జపాన్‌కి చెందిన మిత్సుబిషి. దశాబ్దాలు మన్నాల్సిన సరుకు రెండేళ్లు తిరక్కుండానే తుస్సుమంది. 2012 జనవరి 31న మూడో యూనిట్‌లో ఒక గొట్టం కారింది. విప్పి చూస్తే రెండు యూనిట్లలోనూ కలిపి మూడు వేలకు పైగా గొట్టాలు ఒకదానికొకటి రాసుకుని, ఆనుకున్నచోట ఒరుసుకుని అరిగి ఉన్నాయి. ఏడాదిన్నర తర్జనభర్జనలయ్యాక 2013 జూన్ 7న ఎడిసన్ మరణవార్త ప్రకటించింది.

మరి ఖర్చెవరిది? మన గడ్డ మీదైతే చెడిపోయిన మోటారు బిగించినవాడి కాలరు పట్టుకుంటాం. అక్కడ మర్యాదస్తులు కనక పోలండ్ వెళ్లారు. కాలిఫోర్నియాలో కరెంటు చార్జీలు తేల్చే పబ్లిక్ యుటిలిటీస్ కమిషన్‌కి అప్పటి అధ్యక్షుడు మైకేల్ పీవీ. ఆయన ఒకప్పుడు అదే ఎడిసన్ కంపెనీకి అధ్యక్షుడు. 2013 మార్చిలో, వార్సా నగరంలో, బ్రిస్టల్ అనే హోటల్లో, ఆయనా ఎడిసన్ పెద్దమనిషి ఒకరూ కూర్చుని శాన్ ఓనోఫ్రే ఖర్చుల పంపకం మాట్లాడుకున్నారు. హోటల్ వాళ్ల కాగితం మీదే లెక్క రాసుకున్నారు. 2014లో ఒప్పందం బయటికొచ్చింది: మొత్తం 470 కోట్ల డాలర్లలో దాదాపు 330 కోట్లు వినియోగదారుల నెత్తిన. తరవాత దర్యాప్తు అధికారులు పీవీ ఇల్లు సోదా చేస్తే ఆ హోటల్ కాగితం దొరికింది. ఇలాంటి మంతనాలు జరిగినట్టు చెప్పాల్సినప్పుడు చెప్పనందుకు ఎడిసన్‌కి 1.67 కోట్ల డాలర్ల జరిమానా వేశారు. జనం ఊరుకోక కోర్టుల చుట్టూ తిరిగితే 2018లో 77 కోట్ల పైచిలుకు తగ్గించారు. మిగతాది కట్టారు. ఆగిపోయిన కేంద్రం నుంచి రాని కరెంటుకి నెలనెలా బిల్లు కట్టడమనే భాగ్యం అందరికీ దక్కేది కాదు.

ఇక ఉత్తరక్రియల నిధి. ఆ పనికి మొదట 440 కోట్ల డాలర్లని అంచనా కట్టారు. ఈ సొమ్మూ వినియోగదారులు దశాబ్దాలపాటు కరెంటు బిల్లుల్లో కడుతూ వచ్చిందీ, దాని మీద పెరిగిందీ. చచ్చినవాడి పెళ్లికి వచ్చినంత కట్నం అన్నట్టు, కేంద్రం బతికుండగా లాభం, పోయాక కాంట్రాక్టులు. కూల్చేందుకు ఒక జంట కంపెనీలు, ఇంధనాన్ని డబ్బాల్లో పెట్టి దాచేందుకు హోల్టెక్ ఇంటర్నేషనల్ అనే ఇంకో కంపెనీ, కాలిన చేతులతో చందా ఇచ్చేందుకు జనం.

ఆ డబ్బాల సంగతి కాస్త దగ్గరికెళ్లి చూడాలి. రియాక్టర్‌లోంచి తీసిన ఇంధనాన్ని ముందు కొన్నేళ్లు నీటి కొలనుల్లో చల్లబరుస్తారు. ఆ తరవాత స్టెయిన్‌లెస్ స్టీలు డబ్బాల్లో పెట్టి, మూత వెల్డింగు చేసి, కాంక్రీటు గదుల్లో దించుతారు. స్టీలు గోడ మందం ముప్పావు అంగుళం కూడా ఉండదు. ఇలాంటివి శాన్ ఓనోఫ్రేలో 123 ఉన్నాయి. వాటిలో వాడేసిన ఇంధనం సుమారు 1,600 టన్నులు. సముద్రపు గోడకి ఈ పాతర వంద అడుగుల పైచిలుకు దూరంలో ఉంది. ఉప్పుగాలికి స్టీలు పగుళ్లిచ్చే జబ్బు ఇంజినీరింగు విద్యార్థులకి కూడా తెలుసు కనక, దాన్ని ఉప్పుగాలికే అప్పగించారు.

2018 మార్చిలో ఒక ఖాళీ డబ్బా లోపల విరిగిన పిన్ను ముక్క కనబడింది. ఏమిటా అని చూస్తే హోల్టెక్ వాళ్లు లోపలి డిజైను మార్చారు. మార్చేముందు రాతపూర్వకంగా చేయాల్సిన పరిశీలన సరిగా చేయలేదు. అప్పటికే ఆ కొత్త డిజైను డబ్బాలు నాలుగింటిలో ఇంధనం నింపేశారు. వెల్డింగు కూడా అయిపోయింది. విప్పి చూసే వీల్లేదు కనక, బాగానే ఉన్నాయని నిర్ణయించారు.

అసలు ఘట్టం ఆగస్టు 3న జరిగింది. యాభై టన్నుల డబ్బాని యంత్రం పైకెత్తి కాంక్రీటు గోతిలోకి దించుతోంది. గోతిలో పైభాగాన ఒక గైడ్ రింగు ఉంది. డబ్బా దాని అంచు మీద ఆగిపోయింది. పైనుంచి దించేవాళ్లకి తెలియదు. వాళ్లు దించుతూనే ఉన్నారు. బరువు మోయాల్సిన పట్టీలు వదులై కిందికి జారాయి. పట్టీలు వదులయ్యాయంటే డబ్బా అడుగుకి చేరినట్టే అనుకున్నారు. నిజానికి దాని కింద దాదాపు 18 అడుగుల శూన్యం. పట్టుకున్నది పట్టీలు కాదు, ఆ రింగు అంచు. ఇలా ముప్పావుగంట, గంట సాగింది. కనిపెట్టింది యంత్రం నడిపేవాడూ కాదు, పర్యవేక్షకుడూ కాదు. రేడియేషన్ కొలిచే ఉద్యోగి తన మీటరు చూసి, డబ్బా అడుగుకి చేరి ఉంటే ఇంత అంకె రాకూడదే అనుకున్నాడు. అప్పుడు తొంగి చూశారు.

ఇలాంటిదే అంతకు పన్నెండు రోజుల ముందు, జులై 22న కూడా జరిగింది. అప్పుడు దాన్ని లోపాల ఖాతాలో రాసుకుని దిద్దుకున్న పాపాన పోలేదు. వేలు కాలినా నేర్చుకోనివాణ్ణి మనం మూర్ఖుడంటాం, అక్కడ లైసెన్సుదారుడంటారు.

ఈ సంగతి ఊరికి ఎలా తెలిసింది? ఎడిసన్ చెప్పలేదు. జనంతో కలిసి నడుస్తున్నామని చూపడానికి ఎడిసనే 2014లో కమ్యూనిటీ ఎంగేజ్‌మెంట్ ప్యానెల్ అని ఒకటి పెట్టింది. దానికి వినే హక్కు ఉంది, నిర్ణయించే హక్కు లేదు. ఆగస్టు 9న ఓషన్‌సైడ్‌లో దాని సమావేశం జరిగింది. అజెండాలో అన్నీ ఉన్నాయి, ఆరు రోజుల కిందటి గండం తప్ప. జనం మాట్లాడే వంతు వచ్చినప్పుడు, ఆ సైట్‌లో భద్రత చూసే కార్మికుడొకరు లేచి మైకు దగ్గరికెళ్లి మొత్తం చెప్పేశాడు: డబ్బా వేలాడిందని, సిబ్బందికి సరైన శిక్షణ లేదని. ఎనభై లక్షల మందికి అందిన ప్రమాద హెచ్చరిక అది ఒక్కటే. ఆ హెచ్చరికకి అయిన ఖర్చు సున్నా. నిధిలోంచి పైసా తీయాల్సిన పనిలేకపోయింది.

అణు కేంద్రాల భద్రత చూసే న్యూక్లియర్ రెగ్యులేటరీ కమిషన్‌కి 24 గంటల్లో చేరాల్సిన అధికారిక నివేదిక సెప్టెంబరు 14న చేరింది. కమిషన్ వాళ్లు ఊరికే ఉండలేదు. పని ఆగింది, వాళ్లు విచారించారు, తప్పులు పట్టారు. పడకుండా కాపాడే అదనపు రక్షణ తప్పిపోయిందనీ, వేళకి చెప్పలేదనీ తేల్చి 2019 మార్చిలో జరిమానా వేశారు. ఎంత? 1,16,000 డాలర్లు. 440 కోట్ల పనిలో అది ముప్పై ఎనిమిది వేలో వంతు. హోటల్ కాగితానికి 1.67 కోట్లు, వేలాడిన డబ్బాకి లక్షా పదహారు వేలు. కట్నాల్లో చదివించే నూటపదహార్ల సంప్రదాయం అమెరికాకి ఎవరు నేర్పారో గానీ, ఆ చివరి పదహారు చూసి తెలుగువాడి మనసు పులకరిస్తుంది.

పడినా పగిలేది కాదని కంపెనీ తరవాత లెక్కలు చూపించింది. 2019 జులైలో పని మళ్లీ మొదలుపెట్టి, 2020 ఆగస్టులో చివరి డబ్బా దించేసింది. డబ్బాలు దిగేటప్పుడు గోడలకి రాసుకుని గీతలు పడుతున్నాయని ఇంకో గోల లేచింది. అవి ప్రమాదకరమైన గీతలు కావన్నారు. పగుళ్లొస్తే ఎలా అని అడిగితే, రోబో వెళ్లి లోహపు పూత పూస్తుందన్నారు. ఆ పూత చాలకపోతే డబ్బా విప్పి ఇంధనం ఇంకో డబ్బాలోకి మార్చాలి. అందుకు కొలను కావాలి. ఇంధనం ఖాళీ అయింది కనక కొలనులు పనికిరానివని లెక్కగట్టి కూల్చే పట్టికలో చేర్చేశారు. ఆ పట్టిక రాసినవాడు పదవీ విరమణ చేసి ఎక్కడో హాయిగా ఉంటాడు. వాడి ఊళ్లో రియాక్టర్ ఉండదని పందెం కాయవచ్చు.

ఇంకో ముచ్చట. రియాక్టర్ ఆగింది కనక ఇక ప్రమాదం ప్రహరీ దాటదని తేల్చి, 2015లోనే ఊరివాళ్ల కోసం కంపెనీ నిర్వహించాల్సిన అత్యవసర ప్రణాళికల భారం నుంచి కమిషన్ మినహాయింపు ఇచ్చింది. ఊళ్లలో ఏళ్ల తరబడి నిలబడ్డ హెచ్చరిక సైరన్లు మూగబోయాయి. ప్రహరీ దాటనని ప్రమాదం కూడా రాసిచ్చి సంతకం పెట్టే ఉంటుంది. లేకపోతే అంత పెద్ద కమిషన్ ఊరికే నమ్ముతుందా?

ఇక్కడ పరిశ్రమ పెద్దలు గొంతు సవరించుకుంటారు. 1986 నుంచి అమెరికాలో ఈ పొడి నిల్వ నడుస్తోంది, దానివల్ల ఒక్కడైనా చచ్చాడా అని అడుగుతారు. లేదు, నిజమే. ఆ మాటకి ఇవ్వాల్సిన గౌరవం ఇద్దాం. కానీ నలభై ఏళ్ల అనుభవం చూపించి ఎంత కాలానికి పూచీ ఇస్తున్నారన్నది చూడాలి కదా. ప్లుటోనియం 239 సగానికి తగ్గడానికే 24,100 ఏళ్లు పడుతుంది. శాతవాహనుల నుంచి మన దాకా నడిచిన చరిత్రంతా పది పన్నెండు సార్లు మళ్లీ నడవాలి. అప్పటికీ మిగిలేది సగం. అంత కాలం ఎవరు కాపలా కాస్తారు? ఎడిసన్ కంపెనీనా? రాజ్యాలే నిలవలేదు.

ఈ ప్రశ్నకి కమిషన్ 2014లో అద్భుతమైన జవాబిచ్చింది. వాడేసిన ఇంధనం కేంద్రం దగ్గరే ఉండిపోతే ఏమవుతుందని మూడు కాలాలకి లెక్క వేసింది. అరవై ఏళ్లు. నూట అరవై ఏళ్లు. ఇక మూడోది, అంతూపొంతూ లేకుండా ఎప్పటికీ. ఎప్పటికీ ఉన్నా ఫర్వాలేదని తేలింది, ఒక చిన్న ఊహ మీద: నూరేళ్లకొకసారి కొత్త డబ్బాలు కట్టి సరుకు మార్చే ప్రభుత్వం, డబ్బు, పనివాళ్లు ఎప్పుడూ ఉంటారని. మనం చదివిన ఏ రాజవంశమూ ఇంత ధీమాగా తన గురించి శాసనం చెక్కించుకోలేదు. ఆచంద్రతారార్కం అని రాసుకున్న రాజులు కూడా కనీసం చంద్రుణ్ణి సాక్షిగా పెట్టుకున్నారు.

అసలు ఈ సరుకు ఊళ్లలో ఉండాల్సిందే కాదు. 1982లో అమెరికా పార్లమెంటు చట్టం చేసింది: 1998 జనవరి 31 నుంచి ప్రభుత్వమే తీసుకెళ్లి భూగర్భంలో పాతాలి. 1987లో నెవాడాలో యక్కా పర్వతాన్ని ఖాయం చేశారు. ఆ రాష్ట్రం ససేమిరా అంది. 2008లో లైసెన్సుకి దరఖాస్తు పెట్టారు, రెండేళ్లకే ఒబామా ప్రభుత్వం పక్కన పెట్టేసింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. మాట తప్పినందుకు కంపెనీలు కోర్టుకెళ్లి ప్రభుత్వం నుంచి ఇప్పటిదాకా వెయ్యి కోట్ల డాలర్లకు పైగా నష్టపరిహారం రాబట్టాయి. అది కట్టేదీ పన్ను కట్టేవాడే. ఇంధనం కాల్చినందుకు కరెంటు బిల్లు, కేంద్రం చెడినందుకు చార్జీ, కూల్చినందుకు చందా, బూడిద ఎత్తనందుకు పరిహారం: ఒకే జేబుకి నాలుగు చిల్లులు.

ఊరివాళ్లు దావా వేస్తే 2017లో ఎడిసన్ ఒక రాజీకి ఒప్పుకుంది: ఇంధనాన్ని వేరే చోటికి తరలించడానికి ‘వ్యాపారరీత్యా సబబైన’ ప్రయత్నాలు చేస్తుందట. మాట ఎంత నాజూకుగా ఉందో చూశారా! మొదట వేసుకున్న లెక్కలో 2049కల్లా ప్రభుత్వం వచ్చి డబ్బాలు పట్టుకెళ్లిపోతుందని రాసుకున్నారు. ఎక్కడికి అన్న గడి మాత్రం ఖాళీగా వదిలారు.

హోల్టెక్ మాటకొస్తే, చచ్చిన రియాక్టర్లను కొనడమే దానికో వ్యాపారం. న్యూజెర్సీలో ఆయిస్టర్ క్రీక్, మసాచుసెట్స్‌లో పిల్‌గ్రిమ్, న్యూయార్క్‌లో ఇండియన్ పాయింట్. రియాక్టర్‌తోపాటు దాని ఉత్తరక్రియల నిధి కూడా కొన్నవాడి చేతికొస్తుంది. పిల్‌గ్రిమ్‌లో మిగిలిన రేడియోధార్మిక నీళ్లు కేప్ కాడ్ అఖాతంలో వదులుతానంటే 2024లో మసాచుసెట్స్ రాష్ట్రం వద్దంది. ఇండియన్ పాయింట్ నీళ్లు హడ్సన్ నదిలో కలపకుండా న్యూయార్క్ 2023లో చట్టమే చేస్తే, కంపెనీ కోర్టుకెళ్లింది. 2025లో ఫెడరల్ న్యాయస్థానం ఆ చట్టం చెల్లదంది. మిషిగన్‌లో పాలిసేడ్స్ కథ ఇంకా విడ్డూరం. 2022లో కూల్చడానికని కొని, తరవాత మనసు మార్చుకుని, మళ్లీ బతికిస్తామంటూ 152 కోట్ల డాలర్ల దాకా ఫెడరల్ అప్పు సంపాదించింది. శ్మశానానికి బయల్దేరిన పాడె మీదవాణ్ణి దారిలో లేపి ఉద్యోగానికి పంపడం ఇతర రంగాల్లో సాధ్యం కాదు.

ఇదంతా అమెరికా గోల, మనకెందుకు అంటారా? 2025 మార్చిలో హోల్టెక్‌కి తన చిన్న రియాక్టర్ల పరిజ్ఞానాన్ని భారతదేశానికి ఇవ్వడానికి అమెరికా ఇంధన శాఖ అనుమతించింది. అదే ఏడాది డిసెంబరులో మన పార్లమెంటు చట్టం చేసి అణు విద్యుత్తులోకి ప్రైవేటు కంపెనీలకి తలుపు తీసింది. చట్టానికి శాంతి అని పేరు పెట్టారు. ఈ వ్యవహారంలో శాంతి ఎప్పుడు చేయిస్తారో తెలిసినవాళ్లే పెట్టి ఉంటారు.

మన దగ్గర ఉత్తరక్రియల అనుభవం ఏపాటిదంటే, రాజస్థాన్‌లో రావత్‌భాటా మొదటి యూనిట్ 2004లో ఆగింది. ఇరవై ఏళ్లు దాటినా అది అలాగే ఉంది. మూల్గుతూ మంచాన పడ్డట్టు కాగితాల్లో బతికే ఉంది కనక కూల్చే బాధ తప్పింది. దేశంలో ఇంతవరకూ ఒక్క వాణిజ్య రియాక్టర్‌ని కూడా పూర్తిగా విప్పి నేల చదును చేసింది లేదు.

నిధి మాత్రం పోగు చేస్తున్నాం. యూనిట్ కరెంటుకి అక్షరాలా రెండు పైసలు. ఆ రెండు పైసల నాణెం 2011లోనే చెల్లకుండా పోయింది, రేటు మాత్రం చెల్లుతోంది. ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా కొవ్వాడకి రండి. 1,208 మెగావాట్ల వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు ఆరు కడతామంటున్నారు. 2016లో ఘనంగా ప్రకటించారు. మరుసటి ఏడాదే వెస్టింగ్‌హౌస్ దివాలా పిటిషన్ వేసింది, తరవాత చేతులు మారి లేచింది. ఒక రియాక్టర్ ఏడాది పొడుగునా ఒక్క నిమిషం ఆగకుండా తిరిగిందనుకుందాం. 1,058 కోట్ల యూనిట్లు. రెండేసి పైసల చొప్పున 21 కోట్ల రూపాయలు. అరవై ఏళ్లకి 1,270 కోట్లు. శాన్ ఓనోఫ్రేలో 440 కోట్ల డాలర్ల అంచనాని రెండు రియాక్టర్లకి పంచితే, డాలరు 80 రూపాయలకే కట్టినా, ఒక్కోదానికి 17,600 కోట్ల రూపాయలు. వడ్డీ పెరుగుతుందండీ అంటారు. పెరగనివ్వండి, ధరలేమైనా అరవై ఏళ్లు నిద్రపోతాయా? మన దగ్గర కూలి చవకండీ అని ఇంకొకరంటారు. మా భయమూ అదే. అక్కడ మీటరు చూసి అనుమానపడ్డవాడికీ, మైకు పట్టుకున్నవాడికీ వెనక చట్టం కాస్తో కూస్తో నిలబడింది. ఇక్కడ ఆ పని ఏ సబ్ కాంట్రాక్టరు కింద రోజుకూలికి చేసే సిక్కోలు కుర్రాడికో పడుతుంది. వాడు నోరు విప్పితే మర్నాడు గేటు పాసు ఉండదు.

వాడేసిన ఇంధనాన్ని మనం శుద్ధి చేసి మళ్లీ వాడుకుంటాం, అమెరికాలాగా పారేయం అని సగర్వంగా చెబుతారు. శుద్ధి చేసినా తీవ్రమైన వ్యర్థం మిగులుతుంది. దాన్ని గాజులో కలిపి పోతపోస్తారు. ఆ గాజుని శాశ్వతంగా పాతిపెట్టే భూగర్భ నిలయం మనకూ లేదు. అమెరికా ఒక కొండ పేరైనా చెప్పి ఓడిపోయింది. మనం పేరే చెప్పకుండా గెలుస్తున్నాం.

కనక కొవ్వాడ మత్స్యకారులు ఈసారి అధికారులు వచ్చినప్పుడు ఉద్యోగాలెన్ని, పరిహారమెంత, కాలనీలో ఇల్లెంత అని అడగడంతో ఆగకూడదు. జెట్టీ కట్టిస్తాం, బడి కట్టిస్తాం అంటే చప్పట్లు కొట్టి లేచిపోకూడదు. ఒకే ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా ఇచ్చి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి. అరవై ఏళ్లయ్యాక ఇక్కడ మిగిలేది చివరికి ఏ జిల్లాలో, ఏ మండలంలో, ఏ ఊళ్లో ఉంటుంది? తగిన సమయంలో, తగిన చోట, తగిన నిపుణుల సలహా మేరకు అని రాసుకొస్తే తీసుకోవద్దు. రెవెన్యూ రికార్డుల్లో ఉన్న ఊరి పేరు కావాలి, సర్వే నంబరుతో సహా. ఆ పేరు చెప్పేదాకా, ఆ ఊరి పేరు కొవ్వాడే.